పదకొండేళ్ల పిల్లిని ఇంటికి తెచ్చుకోవచ్చా?

పెంపుడు జీవాల గురించి పాఠకుల ప్రశ్నలకు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 63 ఏళ్లు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మల్కాజిగిరిలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో నేనూ మావారూ ఉంటాం. ఆయనకు 68, చాలా ఏళ్లుగా షుగర్. అమ్మాయి బెంగళూరులో ఉంటుంది, ఇప్పుడు ఐదో నెల. అక్టోబర్‌లో సీమంతం చేసి ఇక్కడికే తీసుకొస్తాం, డిసెంబర్‌లో పురుడు.

పోయిన నెల పాత దుప్పట్లు ఇద్దామని ఒక జంతువుల షెల్టర్‌కి వెళ్లాను. అక్కడ చిట్టి అనే ఆడ పిల్లిని చూశాను. బూడిద రంగు మీద నల్ల చారలు. పదకొండేళ్లట. పెంచినవాళ్లు విదేశం వెళ్తూ అక్కడ వదిలి వెళ్లారు. వచ్చినవాళ్లంతా కూనల్నే అడుగుతున్నారు, దీని వైపు ఎవరూ చూడటం లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, రెండు పళ్లు తీశారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.9 ఉందని, కిడ్నీలు బోర్డర్‌లో ఉన్నాయని చెప్పారు. అప్పటి నుంచి నాకు దాని మీదే ధ్యాస.

మావారేమో "ముసలి పిల్లిని తెచ్చుకుని రెండేళ్లకే ఏడవడం ఎందుకు, అంతగా కావాలంటే కూనని తెచ్చుకుందాం" అంటున్నారు. మాది శాకాహారుల ఇల్లు. పాలు, పెరుగన్నం పెడితే సరిపోతుందా? కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా పిల్లి ఉండకూడదని మా వదినగారు భయపెడుతున్నారు. ఈ వయసులో అది మాకు అలవాటు పడుతుందా? ఖర్చు ఎంతవుతుంది? మాకే ఏమైనా అయితే దాని గతేమిటి? ఎదురింటావిడ పిల్లి ఎదురొస్తే మంచిది కాదంటున్నారు కానీ దాన్ని నేను పట్టించుకోవడం లేదు.

ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, ఉత్తరం చదవగానే నాకు అనిపించింది ముందే రాసేస్తాను. చిట్టి మీ ఇంటికి సరిపోతుంది. మీవారు భయపడుతున్న ఆ పదకొండేళ్ల వయసే మీకు కలిసొచ్చే విషయం. కాకపోతే షెల్టర్‌లో సంతకం పెట్టేలోపు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో తిండి సంగతి మీకు కుదరదనిపిస్తే మాత్రం తీసుకురావద్దనే అంటాను.

ముందు మీవారి మాటకు జవాబు. ఇంట్లోనే ఉండే పిల్లి మామూలుగా 12 నుంచి 18 ఏళ్లు బతుకుతుంది, ఇరవై దాటినవీ ఉంటాయి. ఇవాళ రెండు నెలల కూనను తెచ్చారనుకోండి. దానికి పదిహేనేళ్లు వచ్చేసరికి మీకు 78, ఆయనకు 83. సరిగ్గా దానికి మందులూ ఆస్పత్రులూ మొదలయ్యే సమయానికి దాన్ని బుట్టలో పెట్టుకుని మెట్లు దిగగలిగే పరిస్థితిలో మీరు ఉంటారో లేదో. షెల్టర్లకు వచ్చే ముసలి పిల్లుల్లో చాలావాటి కథ ఇదే. పెంచిన పెద్దాయనో పెద్దావిడో పోతారు, పిల్లలు వేరే ఊళ్లలో ఉంటారు, పిల్లి మిగిలిపోతుంది. పదకొండేళ్ల పిల్లి అంటే మనిషి లెక్కలో అరవై ఏళ్లు. ఇంచుమించు మీ ఈడుదే. దాని మిగతా జీవితమంతా మీరు చూసుకోగలిగే వయసులోనే ఉన్నారు.

కూన అంటే ఇంకో చిక్కుంది. అర్ధరాత్రి పరుగులు పెడుతుంది, కర్టెన్లు ఎక్కుతుంది, నడుస్తుంటే కాళ్లకు అడ్డం పడుతుంది, కదిలే ప్రతి బొటనవేలి మీదికీ దూకుతుంది. షుగర్ ఉన్న మనిషి పాదానికి గోరు గీసుకుంటే ఆ పుండు మానడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద పిల్లి రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. మనం ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి కూర్చుంటుంది.

"ఈ వయసులో అలవాటు పడుతుందా" అని అడిగారు. పడుతుంది. ఇందులో నాకు అనుమానమే లేదు. పైగా పెద్ద పిల్లి స్వభావం కళ్లముందే కనిపిస్తుంది. కూన పెరిగి ఎలాంటిదవుతుందో ఎవరూ చెప్పలేరు. చిట్టి ఒళ్లోకి వచ్చే రకమా, పక్కన కూర్చుంటే చాలనుకునే రకమా, కొత్తవాళ్లను చూస్తే మంచం కిందికి పోయేదా, ఇవన్నీ ఇప్పుడే తెలుసుకోవచ్చు. కాకపోతే ఒకసారి వెళ్లి చూసి తేల్చుకోకండి. పదేళ్లు ఒకే ఇంట్లో ఉన్న పిల్లికి షెల్టర్ బోను, పక్కన కుక్కల అరుపులు నరకమే. అది మూలకు తిరిగి పడుకుంటే మొండిదనీ, మనుషులంటే పడదనీ అనుకోవద్దు. వేర్వేరు వేళల్లో వెళ్లి, బోను బయట కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా మీ మానాన మీరు ఏదైనా చదువుకుంటూ ఉండండి. అదే దగ్గరికొచ్చి వాసన చూస్తుంది. పాత ఇంట్లో దాన్ని ఎలా పిలిచేవాళ్లు, ఏం తినేది, ఎక్కడ పడుకునేది, పిల్లలున్న ఇల్లేనా అని షెల్టర్ వాళ్లను గుచ్చి గుచ్చి అడగండి. చిట్టి అన్న పేరు మార్చకండి. పదకొండేళ్లుగా విన్న పేరు అది.

ఇప్పుడు కిడ్నీ సంగతి. 1.9 అన్న అంకె ఒక్కటి పట్టుకుని ఎవరూ ఏమీ చెప్పలేరు. కిడ్నీ నిపుణులు ప్రపంచమంతా వాడే లెక్కలో పిల్లులకు క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి తీసేయాల్సిన వ్యర్థం) 1.6 నుంచి 2.8 వరకు కిడ్నీ జబ్బు రెండో దశ, 2.9 నుంచి 5 వరకు మూడోది, 5 దాటితే నాలుగోది, అదే చివరిది. ఆ లెక్కన చిట్టి రెండో దశ మొదట్లో ఉన్నట్టు. కానీ ఆ రోజు సరిగా నీళ్లు తాగకపోయినా ఈ అంకె పెరుగుతుంది. అందుకే కొంత వ్యవధి ఇచ్చి, పిల్లి బాగా నీళ్లు తాగుతున్న రోజుల్లో మళ్లీ రక్తం తీయించాలి. దాంతోపాటు మూత్ర పరీక్ష తప్పనిసరి. మూత్రం సాంద్రత 1.035 కంటే తక్కువ ఉంటే కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేకపోతున్నాయని అనుమానించాలి. మూత్రంలో ప్రొటీన్ పోతోందా, బీపీ ఎంతుంది, థైరాయిడ్ ఎలా ఉంది అన్నవి కూడా చూడమనండి. బీపీ ఎక్కువై రాత్రికి రాత్రి చూపు పోయిన పిల్లుల్ని చూశాను నేను. ముందే చూసి ఉంటే చిన్న మాత్రతో ఆగేది. ఎయిడ్స్ లాంటి జబ్బు పిల్లుల్లోనూ ఉంది, దాన్ని ఎఫ్ఐవీ అంటారు. అది మనుషులకు అంటదు. దానికీ, పిల్లుల్లో రక్తక్యాన్సర్ తెచ్చే ఎఫ్ఈఎల్‌వీకీ కలిపి కిట్‌తో అక్కడికక్కడే పరీక్ష చేస్తారు.

షెల్టర్ వాళ్లు ఇవన్నీ చేయించలేకపోతే మీరే మీ ఖర్చుతో చేయిస్తామని చెప్పండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. మీకు దగ్గర్లో పిల్లుల్ని ఓపిగ్గా చూసే ప్రైవేటు డాక్టరుంటే ఇంకా మంచిది. కుక్కల మధ్య గంటసేపు కూర్చోబెట్టని చోటు చూసుకోండి.

రెండో దశ అనే తేలినా నేను వెనక్కి తగ్గమని అనను. ఫాస్ఫరస్ తక్కువగా ఉండే కిడ్నీ ఆహారం, ఎప్పుడూ అందుబాటులో నీళ్లు, ఆరు నెలలకోసారి పరీక్షలు, ఇవి సక్రమంగా జరిగితే ఆ దశలో ఉన్న పిల్లులు రెండు మూడేళ్లు, కొన్ని అంతకంటే ఎక్కువే హాయిగా ఉంటాయి. జబ్బు ముదిరితే ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. మా పిల్లికి పద్నాలుగో ఏట మూడో దశ వచ్చింది. వంటింటి కిటికీ ఊచకు సీసా తగిలించి, మెడ వెనక చర్మం కొంచెం పైకి లాగి, 100 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఇచ్చేదాన్ని. ఎన్నాళ్లకోసారి, ఎంత ఇవ్వాలన్నది దాని డాక్టరు చెప్పాలి. పిల్లికి పెద్దగా నొప్పి ఉండదు, ఆ పదీ పదిహేను నిమిషాలు అది నా ఒళ్లోనే కూర్చునేది. మా ఆస్పత్రికి వచ్చేవాళ్లలో సూది పేరు చెబితే కళ్లు మూసుకునే అమ్మమ్మలు కూడా ఈ పని నేర్చుకున్నారు. మీవారికి ఇన్సులిన్ ఇవ్వడం మీకు అలవాటుంటే మీకిది ఇంకా తేలిక.

వయసు మీద పడ్డ పిల్లులకు కీళ్లనొప్పులు కూడా ఉంటాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లులకు ఎక్స్‌రేలు తీసి చూస్తే నూటికి తొంభైకి కీళ్ల అరుగుదల కనిపించిందని ఒక ప్రసిద్ధ పరిశోధన ఉంది. పిల్లి కుంటదు, మూలగదు. సోఫా ఎక్కడం మానేస్తుంది, వీపు వెనకభాగం నాక్కోవడం మానేస్తే అక్కడ బొచ్చు ఉండలు కడుతుంది, మలమూత్రాల కోసం మట్టి పోసి పెట్టే లిట్టర్ ట్రే గట్టు ఎత్తుగా ఉంటే పక్కనే పాడు చేస్తుంది. మనమేమో ముసలిదైపోయింది కదా అని వదిలేస్తాం. తక్కువ గట్టున్న ట్రే, సోఫా పక్కన చిన్న పీట, డాక్టరు రాసిన నొప్పి మందు, వీటితో ఆ పిల్లి మళ్లీ కిటికీ దగ్గరికి ఎక్కుతుంది. ఇది నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ఇక తిండి. అమ్మా, ఇక్కడ నేను మొహమాటం లేకుండా రాయాలి. పిల్లికి మాంసం తప్పనిసరి. ఇది అలవాటుకు సంబంధించిన విషయం కాదు, దాని శరీరం కట్టుబడే అంత. టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం తనకు చాలినంత తయారు చేసుకోలేదు, అది మాంసంలో దొరుకుతుంది. అది చాలకపోతే మెల్లగా కంటి రెటీనా దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. గుండెకూ దీనికీ ఉన్న సంబంధాన్ని 1987లో అమెరికాలో కనిపెట్టాక, పిల్లి ఆహారం తయారుచేసే కంపెనీలు టారిన్ పెంచాయి, ఆ గుండెజబ్బు బాగా తగ్గిపోయింది. పెరుగన్నం పెడితే చిట్టి ఇష్టంగా నాకొచ్చు. అది దాని భోజనం మాత్రం కాలేదు. పాలు పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. పప్పన్నం, సాంబారన్నం అసలు వద్దు, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని నాశనం చేస్తాయి.

మీరు మాంసం వండాల్సిన పని లేదు. ప్యాకెట్‌లో వచ్చే పొడి ఆహారం, పౌచ్‌లలో వచ్చే తడి ఆహారం చాలు. కిడ్నీ ఆహారం కూడా ఇలాగే దొరుకుతుంది. కానీ ఆ ప్యాకెట్లలో ఉండేది కోడి మాంసమో చేపో. పౌచ్ విప్పగానే వాసన వస్తుంది. నాకు తెలిసిన శాకాహారుల ఇళ్లలో వాషింగ్ మెషీన్ ఉండే బాల్కనీలో ఒక అలమర, దానికే ప్రత్యేకంగా రెండు స్టీల్ గిన్నెలు, ఒక చెంచా, కడగడానికి వేరే స్పాంజి పెట్టుకున్నారు. వంటింట్లోకి ఏదీ రాదు. మీకూ మీవారికీ ఇది మనస్ఫూర్తిగా సమ్మతమైతేనే ముందుకు వెళ్లండి. తెచ్చాక మనసొప్పక దాన్ని మన తిండికి మార్చాలని చూస్తే, నష్టపోయేది నోరులేని ఆ ప్రాణి. అలాంటి ఇంటికి వెళ్లడం కంటే అది షెల్టర్‌లో ఉండటమే మేలు.

ఖర్చు అడిగారు. నాలుగు కిలోల పిల్లి రోజుకు 50, 60 గ్రాముల పొడి ఆహారం తింటుంది, అంటే నెలకు రెండు కిలోల లోపే. మామూలు రకమైతే వెయ్యి రూపాయల్లో అయిపోతుంది, కిడ్నీ ఆహారమైతే రెండు వేలు దాటొచ్చు. లిట్టర్ మట్టి అదనం. ఆరు నెలలకోసారి రక్తం, మూత్రం పరీక్షలకు ల్యాబ్‌ని బట్టి రెండు మూడు వేలు. ఏడాదికోసారి రేబిస్ టీకా, మిగతా టీకాలు డాక్టరు చెప్పినట్టు. వీటికంటే ముఖ్యం, అనుకోని అవసరానికని ఒక పాతిక ముప్పై వేలు విడిగా బ్యాంకులో ఉంచండి. పెన్షన్ మీద బతికేవాళ్లకు ఇది చిన్న మాట కాదని నాకు తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను.

డబ్బు ఉండి కూడా వద్దని చెప్పిన సందర్భాలున్నాయి. ఒక యువ జంట షుగర్ ఉన్న ముసలి పిల్లిని తెచ్చుకుంటామని నా సలహా అడిగారు. దానికి పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్ ఇవ్వాలి. ఇద్దరివీ మారే షిఫ్టులు, ఇంట్లో ఇంకెవరూ లేరు. మంచి మనసున్న పిల్లలే, కానీ ఆ ఇంట్లో ఆ పిల్లి నిలవదు. వేరే పిల్లిని చూసుకోమన్నాను, చూసుకున్నారు. మీ ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉంటారు. చిట్టికి కావలసింది అదే.

అమ్మాయి గురించి. మీ వదినగారి భయానికి ఆధారం ఉంది, దాన్ని కొట్టిపారేయను. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు, గర్భిణికి అది మొదటిసారి సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. అయితే అది ఎలా వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. పిల్లికి అది మామూలుగా ఎలుకల్ని, పిట్టల్ని, పచ్చి మాంసాన్ని తింటే వస్తుంది. వచ్చినా, మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటే మలంలో దాని గుడ్లు పోతాయి. ఆ గుడ్లు కూడా బయట పడిన వెంటనే ప్రమాదం కాదు, కనీసం ఒక రోజు గడిస్తేగాని అంటుకునే స్థితికి రావు. బయట తిరగకుండా ప్యాకెట్ తిండి తినే పదకొండేళ్ల పిల్లితో ఈ అవకాశం చాలా తక్కువ. చిట్టి ట్రే రోజూ ఉదయాన్నే మీరే గ్లోవ్స్ వేసుకుని శుభ్రం చేయండి, అమ్మాయిని దాని జోలికి రానివ్వకండి. ఆకుకూరలు బాగా కడగడం, మొక్కల మట్టిలో చేయిపెడితే సబ్బుతో కడుక్కోవడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే మట్టి నుంచి కూడా ఇది వస్తుంది. ప్రసూతి డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి. గతంలో సోకిందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది, అవసరమనుకుంటే ఆమే రాస్తారు.

బిడ్డ పుట్టాక ఉయ్యాల ఉన్న గదిలో పిల్లిని ఒంటరిగా వదలొద్దు, ఆ గది తలుపు మూసే ఉంచండి. పిల్లి ఎవరినైనా గీరినా కొరికినా వెంటనే సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి, టీకాలు వేసిన పిల్లి అయినా సరే.

అందుకే ఎప్పుడు తెస్తారన్నది ముఖ్యం. పరీక్షలు చేయించి ఈ రెండు మూడు వారాల్లో తెస్తే, అమ్మాయి వచ్చేనాటికి అది ఇంటికి అలవాటు పడిపోతుంది, పురుడు నాటికి దాని పద్ధతులన్నీ మీకు తెలిసిపోతాయి. ఈలోపు కుదరకపోతే బిడ్డకు మూడో నెల వెళ్లేదాకా ఆగండి. పురిటి హడావుడిలో, చుట్టాల రాకపోకల్లో మాత్రం తేవద్దు. అప్పుడు మీకూ ఓపిక ఉండదు, దానికీ దిక్కు తోచదు.

ఎదురింటావిడ మాట పట్టించుకోవడం లేదన్నారు, మంచి పని చేశారు. పసిబిడ్డల్ని కాపాడుతుందని కొలిచే షష్ఠీదేవికి వాహనం పిల్లే అని ఆవిడతో చెప్పి చూడండి.

ఇంట్లో మార్చాల్సినవి ఉన్నాయి. బాల్కనీలకు పావురాల నెట్ ఉంటే చిరుగులు లేకుండా, అంచులు వదులు కాకుండా చూసుకోండి, లేకపోతే వేయించండి. రెండో అంతస్తు నుంచి పడినా పిల్లికి దవడ, ఛాతీ దెబ్బతింటాయి. నేల తుడవడానికి ఫినాయిల్ మానేయండి. అడుగులకు అంటిన ఫినాయిల్‌ను పిల్లి నాక్కుంటుంది, దాని కాలేయం ఆ రసాయనాన్ని విరవలేదు. బీరువాలో కలరా ఉండలు తీసేయండి. పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి, ఆయాసపడుతోందనో వేడిగా ఉందనో ఎవరు చెప్పినా వేయొద్దు. కుక్కలకు పేలు పోవడానికి వేసే చుక్కల మందు పిల్లికి వేయొద్దు, అందులో పర్మెత్రిన్ ఉంటే మూర్ఛలొస్తాయి. సీమంతానికి ఎవరైనా లిల్లీ పూల బొకే తెస్తే గుమ్మం దాటనివ్వకండి. పెద్ద రేకులుండే ఆ పూల పుప్పొడి నాకినా చాలు, మంచి కిడ్నీలు కూడా పాడైపోతాయి. మన దండల్లో కట్టే లిల్లీ వేరు, దానితో ఆ భయం లేదు.

తెచ్చిన రోజు ఇల్లంతా తిప్పకండి. ఒక గది ఇవ్వండి, అందులో ఒక మూల ట్రే, దానికి దూరంగా నీళ్లూ తిండీ, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. మంచం కింద దూరితే లాగొద్దు. కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడుతుంది, నాలుగు రోజులు ఆ గది తలుపు వేసి వండుకోండి. చాలా పిల్లులకు మొదటి మూడు రోజులు భయం, మూడు వారాలకు ఇంటి వేళలు తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అన్న ధీమా. తిండి మాత్రం కనిపెట్టి ఉండండి. రెండు రోజులు పూర్తిగా తినకపోతే మూడో రోజు దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి, తినని పిల్లికి, అందులో లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. షెల్టర్‌లో తిన్న తిండే ముందు పెట్టి, పది రోజుల్లో మెల్లగా కొత్తది కలపండి.

తర్వాత వారానికోసారి బరువు చూడండి. మీరు దాన్ని ఎత్తుకుని మిషన్ మీద నిలబడి, మీ బరువు తీసేస్తే చాలు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే ఊరికే తగ్గలేదు. నీళ్లు కూడా కొలిచి పోయండి, ఉదయం పోసిన దాంట్లో మర్నాడు ఎంత మిగిలిందో చూడండి. రోజుకు 200 మిల్లీలీటర్లు దాటి తాగడం మొదలుపెడితే పరీక్ష చేయించాలి.

మీకేమైనా అయితే అన్న ప్రశ్న మీ ఉత్తరంలో చివర్లో ఉంది కానీ నాకది పెద్దది. అమ్మాయితో, అల్లుడితో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. మీలో ఒకరు ఆస్పత్రిలో ఉంటే పదిరోజులు దాన్ని ఎవరు చూస్తారు, ఇద్దరూ చూసుకోలేని పరిస్థితి వస్తే బెంగళూరు తీసుకెళ్తారా, లేదంటే షెల్టర్ వాళ్లు వెనక్కి తీసుకుంటారా అని. దత్తత ఫారంలో ఆ మాట రాయించుకోండి. దిక్కూ తిండీ లేని చోట జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. ఇంకా సందేహంగా ఉంటే ముందు నాలుగు వారాలు ఫోస్టర్‌గా, అంటే దత్తత కాకుండా తాత్కాలికంగా చూసుకోవడానికి, ఇమ్మని అడగండి. చాలా షెల్టర్లు ముసలి పిల్లుల విషయంలో సంతోషంగా ఒప్పుకుంటాయి. మీవారికి కూడా తేల్చుకోవడానికి సమయం దొరుకుతుంది.

ఏడవడం గురించి ఆయన అన్నది నిజమే. ఏడుస్తారు. నేను మా పిల్లి పోయినప్పుడు ఏడ్చాను, ఇప్పటికీ ఆ కిటికీ ఊచ చూస్తే మనసు బరువెక్కుతుంది. అయినా ఆ ఏళ్లు నాకు వద్దని ఎన్నడూ అనిపించలేదు. ఈ మాట ఆయనకు చదివి వినిపించండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడి షెల్టర్‌లో పదమూడేళ్ల మగ పిల్లి మాకు నచ్చింది. దానికి థైరాయిడ్ ఎక్కువ, రోజుకు రెండుసార్లు మాత్ర వేయాలన్నారు. మేం ఏటా నాలుగు వారాలు ఇండియా వస్తాం. తీసుకోవచ్చా?

ఒక పాఠకుడు, డాలస్

జవాబు: థైరాయిడ్ ఒక్కటే అడ్డయితే తీసుకోండి బాబూ. మాత్ర మింగించడం కష్టమైతే అదే మందు చెవి లోపలి చర్మానికి రాసే జెల్‌గా కూడా అక్కడ తయారుచేసి ఇస్తారు. మీరున్న దేశంలో రేడియో అయోడిన్ చికిత్స, అంటే రేడియేషన్ ఉన్న అయోడిన్‌తో థైరాయిడ్‌లో అతిగా పనిచేసే భాగాన్ని పోగొట్టడం, సులువుగా దొరుకుతుంది, నూటికి 95 పిల్లులకు ఒక్క ఇంజెక్షన్‌తో నయమవుతుంది. తర్వాత కొన్ని రోజులు పిల్లిని ఆస్పత్రిలోనే ఉంచుతారు. ఖర్చు ఎక్కువే, కానీ ఏళ్లతరబడి మందులతో పోల్చి చూసుకోండి. దానికి ముందు ఒక పని చేయాలి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు కిడ్నీలకు రక్తం బాగా అందుతుంది, అందువల్ల కిడ్నీ జబ్బు దాగి ఉంటుంది. కొన్ని వారాలు మాత్రలతో థైరాయిడ్‌ను అదుపులోకి తెచ్చి, అప్పుడు క్రియాటినిన్ ఎంత ఉందో చూశాకే అయోడిన్ సంగతి ఆలోచించండి.

ఇండియా ప్రయాణంలో దాన్ని వెంట తేవద్దు, ఆ వయసుకు అంత విమాన ప్రయాణం శిక్ష. మీ ఇంటికే రోజుకు రెండుసార్లు వచ్చి మందు వేసి, తిండి పెట్టి, కాసేపు కూర్చునే మనిషిని ముందు వెతకండి. మీ కమ్యూనిటీలో నమ్మకమైనవాళ్లు దొరికితే, మీరు ఊళ్లో ఉండగానే వాళ్లచేత ఒక వారం మందు వేయించి చూడండి. అలాంటి మనిషి దొరికాకే షెల్టర్‌కి ఫోన్ చేయండి. మాత్ర మొదలైన రెండు నుంచి నాలుగు వారాల్లో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పరీక్ష మళ్లీ చేయించాలి. అది ఎప్పుడు చేశారో, మాత్ర ఎంత డోసులో ఇస్తున్నారో షెల్టర్ వాళ్ల దగ్గర కాగితం మీద రాయించుకోండి.